ఇంటి చిట్టా - యంత్రపు గుమాస్తా

మన అమ్మమ్మల కాలమున జ్ఞాపకపు పట్టీ కొంగు చివర నుండెడిది. మరువరాని పని తటస్థించినపుడు కొంగున నొక ముడి వైచికొనెడివారు. పాలవాని లెక్క గోడమీద బొగ్గుగీతలుగాను, చాకలి పద్దు తలుపు వెనుక సుద్దగీతలుగాను నిలిచియుండెడివి. పని తీరగనే ముడి విప్పుదురు, గీత తుడుతురు. ఇంటిలోని వారందరికిని ఆ గోడ కనబడుచుండెడిది. నేడు పాలెన్ని పోసిరో తాతగారు చెప్పగలరు, పిల్లవాడును చెప్పగలడు.

నేటి యిల్లాలి పనులు కొంగుముడులకు మించినవి. కరెంటు బిల్లు, గ్యాసు బండ, బడి రుసుము, బీమా కిస్తీ, పిల్లల టీకాలు, పెద్దల మాత్రలు, ఆధారు కార్డులో తప్పుదిద్దించుట, శుభలేఖ వచ్చిన పెండ్లికి చదివింపులు, మరమ్మతునకిచ్చిన మిక్సీ తెచ్చుకొనుట - వీని కన్నిటికిని వేరువేరు గడువులు గలవు. ఇన్నియు ఎక్కడ వ్రాయబడియున్నవని అడిగినచో చాల ఇండ్లలో ఒక్కటే సమాధానము: ఇల్లాలి తలలో. గోడమీది గీతవలె అది మరియొకరికి కనబడదు.

అది కనబడకపోవుటవలన నేమగునో గత వానకాలమున మా యింట తెలిసివచ్చినది.

మాది మిర్యాలగూడ. విషజ్వరము తగిలి 11 దినములు నేను మంచము దిగలేదు. వంట ఆగలేదు, మా ఆడపడుచు వచ్చి చేసిపెట్టినది. ఇల్లు ఊడ్చుట ఆగలేదు. ఆగినది చిట్టా. అత్తగారి రక్తపోటు మాత్రలు అయిపోయిన సంగతి ఎవరును గమనింపలేదు. నన్ను కదిలింప నిష్టములేక వారును చెప్పలేదు. మూడవనాటి ఉదయమున వారు కండ్లు తిరిగి వాకిట కూలబడిరి. దైవవశమున పెద్ద దెబ్బ తగులలేదు. ఐదేండ్లు నిండిన మా పాపకు టీకా వేయింపవలసిన బుధవారము దాటిపోయెను. పెద్దవాని పరీక్ష రుసుము అపరాధముతో కట్టవలసివచ్చెను.

మావారు సోమరి కారు. బియ్యపు మిల్లులో లెక్కలు చూచువారు. వేల బస్తాల పద్దును పొల్లుపోకుండ చెప్పగలరు. "నాతో చెప్పియుంటే చేసేవాణ్ణి కదా" అని నొచ్చుకొనిరి. ఆ మాట నిజమే. కాని చెప్పుటయే యొక పనియని నాటివరకు వారికిగాని నాకుగాని తోచలేదు. అత్తగారు మాత్రము నా మంచము ప్రక్కన గూర్చుండి నుదుట చేయివైచి, "నీ తలకాయల ఉన్నదంత మాకెట్ల ఎరుకైతది బిడ్డా?" అనిరి.

ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు నేను ఏ.ఐ. ఏజెంటు అను క్రొత్త సాధనము కడకు వచ్చితిని. సోదరీమణులలో పలువురు దీనిని గూర్చి వినియుందురు, కొందరు వాడుచునుందురు. దానివలన కలిగిన మేలును, చూచిన పొరపాట్లను, నేర్చిన జాగ్రత్తలను ఇందు వ్రాయుచున్నాను.

తలలోని పని

ముందుగా మన తలలో జరుగుచున్న పని యేదో తెలిసికొనవలెను. చేతిపనికి కొలత గలదు. కేంద్రప్రభుత్వమువారు 2024లో జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతములేని ఇంటిపనికి స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. ఇది ఆ పని చేయువారి సగటు. వంటచేయునపుడు, బట్టలుతుకునపుడు నిమిషములను లెక్కింపవచ్చును. కాని పప్పు తాలింపు వేయుచు, "రేపటికి గ్యాసు చాలునా? పిల్లవాని చెప్పులు చిరిగినవి కదా!" అని యోచించుచుండు మనస్సునకు గడియారము లేదు.

అమెరికాలో ఆలిసన్ డామింజరు అను సమాజశాస్త్రజ్ఞురాలు 35 దంపతుల జంటలను ప్రశ్నించి, 2019లో ఈ తలలోని పనిని గూర్చి యొక వ్యాసము ప్రకటించినది. ఆమె దానిని నాలుగు పాళ్లుగా విభజించినది. మొదటిది రాబోవు అవసరమును ముందుగా పసిగట్టుట. రెండవది దానికి గల మార్గములను వెదకుట. మూడవది వానిలో నొకదానిని నిర్ణయించుట. నాలుగవది ఆ నిర్ణయము జరిగినదో లేదో కనిపెట్టియుండుట. ఇందు మూడవదియగు నిర్ణయమును భార్యాభర్త లిరువురును పంచుకొనుచుండిరట. మొదటిదియు, నాలుగవదియు హెచ్చుగా స్త్రీల మీదనే పడుచుండెనట. ఆ దేశపు సంగతియైనను ఈ నాలుగు పాళ్లను చదివినపుడు మన వంటింటి మాటయే యనిపించును. మా యింటను పాపను ఏ బడిలో వేయవలెననునది ఇద్దరము కూర్చుండి తేల్చుకొంటిమి. ఆ బడి రుసుము గడువు ఎప్పుడో చూచుకొనుచుండుట నా వంతైనది.

తీరని పని మనస్సును పట్టి పీడించుననునది మనోశాస్త్రమెరిగిన సంగతియే. బ్లూమా జైగార్నిక్ అను విదుషి 1927లోనే, ముగిసిన పనులకన్న నడుమ నాగిన పనులే మనుష్యులకు హెచ్చుగా జ్ఞప్తి నుండునని ప్రయోగములతో చూపినది. 2011లో మసికాంపో, బౌమైస్టరు అను ఇరువురు మరియొక సంగతి కనుగొనిరి. పని తీరకున్నను, అది ఎప్పుడు ఎట్లు చేయవలెనో నిర్ణయించి పెట్టుకొన్నంతమాత్రమున మనస్సునకు ఆ పీడ తగ్గునట. కొంగున ముడివైచి నిశ్చింతగా నిదురించిన అమ్మమ్మకు ఇది చదువకయే తెలిసియుండును.

ఏజెంటు అనగా నెవరు?

ఏజెంటు అను మాట మావూరికి క్రొత్త కాదు. 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడిన నాగార్జునసాగరపు నీరు 1967లో కాలువల కెక్కినది. ఎడమకాలువ క్రింద పండిన వరి మిర్యాలగూడను మిల్లుల పట్టణముగా చేసినది. ధాన్యము వచ్చినచోట కమీషను ఏజెంటును వచ్చును. మనకు బదులుగా, మనమిచ్చిన అధికారము మేరకు పని నడుపువాడే ఏజెంటు. అధికారమెంత యిచ్చితిమో యనునదే అతనితో వ్యవహారమునకు ప్రాణము. కృత్రిమ మేధ ఏజెంటును ఇట్టిదే. మనిషికి బదులు యంత్రము.

2022 నవంబరు 30న ఓపెన్ ఏ.ఐ. సంస్థవారు చాట్ జీ.పీ.టీ.ని విడుదలచేసిరి. అది అపారమైన వ్రాతలను చదివి, ఏ మాట తరువాత ఏ మాట రాదగునో నేర్చిన యంత్రము. అడిగినదానికి సమాధానము చెప్పెడిదే కాని నాడు చేయిచాచి పనిచేయలేకుండెను. 2024 జూన్‌లో గూగుల్‌వారి జెమిని యాప్ మనదేశమున తెలుగుతో సహా తొమ్మిది భారతీయ భాషలలో వచ్చినది. అదే యేడు అక్టోబరులో ఆంత్రోపిక్ సంస్థవారు తమ క్లాడ్ యంత్రమునకు కంప్యూటరు తెరను చూచి, మీటలు నొక్కి పనిచేయు నేర్పు నిచ్చిరి. 2025 జనవరిలో ఓపెన్ ఏ.ఐ.వారు ఆపరేటర్ అను ఏజెంటును వెలువరించిరి. చెప్పిన వేళకు చెప్పిన పని చేయు ఏర్పాటును ఆ నెలలోనే చేసిరి. జూలైలో ఆ ఏజెంటును చాట్ జీ.పీ.టీ.లోనే చేర్చిరి.

కాగితపు పట్టీ మనము చూచినప్పుడే పలుకును. ఫోనులోని గంట వేళకు మ్రోగును. కాని మ్రోగి యూరకుండును. ఏజెంటు చెప్పిన మాటను అర్థము చేసికొని, దానిని పనులుగా విడగొట్టి, పంచాంగములోను పట్టికలోను వ్రాసి, వేళకు ఎవరికి చెప్పవలెనో వారికి చెప్పి, జరిగినదా యని మరల అడుగును. జరుగనిచో మరునాటి పట్టికకు ఎక్కించును. డామింజరు చెప్పిన నాలుగు పాళ్లలో రెండవదియగు వెదకుటయు, నాలుగవదియగు కనిపెట్టుటయు దానికి బాగుగ అబ్బును.

ఒక దృష్టాంతము చెప్పెదను. కూర కలియబెట్టుచు ఫోనుతో నేనిట్లందును: "అత్తమ్మ గోళీలు ఇంకా 20 ఉన్నయి. రోజుకు రెండు. అయిపోయేదానికి అయిదు రోజుల ముందు ఆయనకు యాదిచెయ్యి." యంత్రము పది దినముల లెక్కకట్టి, ఐదవనాటికి మావారి ఫోనునకు మాట పంపును. మాత్రలు తెచ్చితిమని వారు చెప్పువరకు ఆ పద్దు కొట్టివేయదు. తెచ్చినవెన్నియో అడిగి, తరువాతి తేదీని తానే వ్రాసికొనును. ఇందు నేను చేయవలసినది ఒక్కమారు పలుకుట మాత్రమే.

చిట్టాను ఏర్పరచిన విధము

మొదటి వారము యంత్రమునకు ఏ పనియు చెప్పలేదు. తలలో మెదిలిన ప్రతి సంగతిని, మెదిలిన క్షణమున, తెలుగుననే పలికి వ్రాయించితిని. వారము తిరుగుసరికి 94 పద్దులైనవి. వానిని చూచి మావారు చాలసేపు మాటలాడలేదు. "ఇది మా మిల్లు చిట్టా కంటె పెద్దదే" అని మాత్రమనిరి. యంత్రము చేసిన తొలి మేలు అదియే. తలలోని దానిని గోడమీదకు తెచ్చినది.

రెండవ వారమున పద్దులను నాలుగు తరగతులుగా విడదీయుమంటిని. మరల మరల వచ్చునవి ఒక తరగతి: బిల్లులు, మాత్రలు, నీళ్ల తొట్టి కడుగుట. తేదీ గలవి మరియొకటి: పరీక్షలు, పెండ్లిండ్లు, టీకాలు. ఒక్కసారి చేసినచో తీరునవి మూడవది. ఆలోచించి తేల్చవలసినవి నాలుగవది: అత్తగారి కంటికి శస్త్రచికిత్స ఎప్పుడు చేయింపవలెను, పెద్దవానిని ఇంటరులో ఏ శాఖలో చేర్పవలెను వంటివి. ఈ నాలుగవ తరగతిని యంత్రమునకు అప్పగింపలేదు. ఆదివారపు ఉదయమున అందరము కలిసి చూచుకొనుటకు వేరుగా నుంచితిని.

టీకాల పట్టిక దీనికి బాగుగ ఒదిగినది. మనదేశపు సార్వత్రిక కార్యక్రమము ప్రకారము పుట్టినపుడు బీ.సీ.జీ., పోలియో, హెపటైటిస్-బీ. తరువాత 6, 10, 14 వారములకు పెంటావలెంటు. 9 నెలలు నిండిన పిమ్మట తట్టు-రుబెల్లా. 16 నుండి 24 నెలల నడుమ దాని రెండవ మోతాదును, డీ.పీ.టీ. బూస్టరును, 5-6 ఏండ్ల నడుమ డీ.పీ.టీ. రెండవ బూస్టరు, 10వ యేట, 16వ యేట టీ.డీ. బిడ్డ పుట్టిన తేదీ చెప్పినచో పదునారేండ్ల పట్టికను ఏజెంటు ఒక్క నిమిషములో వ్రాసిపెట్టును. వ్రాసినదానిని ఆరోగ్యకేంద్రములోని నర్సుకు చూపి సరిచూచుకొనవలెను. మా పాపకు గడువు ఇంకను మిగిలియుండెను గనుక టీకా వేయించితిమి. తరువాతి తేదీ ఐదేండ్లకు తరువాతిదైనను ఇప్పుడే చిట్టాలో నున్నది.

మూడవ వారమున ప్రతి పద్దునకును ఒక పేరు పెట్టితిమి. నాదని, మావారిదని, పెద్దవానిదని. యాసంగి కోతలు ఏప్రిల్, మే నెలలలోను, వానకాలపు కోతలు అక్టోబరు, నవంబరులలోను ముమ్మరముగా నుండును. ఆ దినములలో మిల్లుల ముందు ధాన్యపు ట్రాక్టర్లు బారులు తీరును. మావారికి ఇల్లు చేరువేళ యుండదు. కావున ఆ నాలుగు నెలలు వారి బయటిపనులు పెద్దవానికి మరలవలెనని ఏజెంటునకు చెప్పియుంచితిమి. వానికి బదులుగా మిగిలిన నెలలలో వారు హెచ్చుపనులు చేయుదురు. ఈ ఏర్పాటును చేసినవారము మేము. దానిని మరువక నడుపునది యంత్రము.

అది చేసిన పొరపాట్లు

ఇంతవరకు చదివిన సోదరి ఇది కల్పవృక్షమని భ్రమపడరాదు. దాని లోపములు పెక్కు చూచితిని.

ఒకమారు వ్రతము తేదీ నడుగగా ఒకరోజు ముందుగా చెప్పినది. సందేహమే లేనట్లు ఎంతో ధీమాగా చెప్పినది! తిథి ఏ గడియకు ప్రవేశించి ఏ గడియకు విడుచునో చూచి పండుగను నిర్ణయించుట పంచాంగకర్తల గణితము. ఈ యంత్రము మాటల పోహళింపు నెరిగినదే కాని ఆ గణితమును తప్పక చేయునని నమ్మరాదు. నాటినుండి పండుగల తేదీలను గోడనున్న క్యాలెండరు చూచి నేనే చెప్పుచున్నాను. తెలియనిచోట తెలియదని చెప్పక కల్పించి పలుకుట ఈ యంత్రముల కందరికిని గల అవగుణము. కావున మందుల మోతాదులను, రుసుముల మొత్తములను, గడువు తేదీలను మూలపు కాగితముతో సరిచూడకుండ నమ్మరాదు.

మరియొకమారు "మాపటికి పాలు ఎక్కువ కావాలె" అంటిని. మాపు అనగా సాయంకాలమని మనకు పసిపిల్లకును తెలియును. యంత్రమది గ్రహింపక మరునాటికి వ్రాసినది. చుట్టములు వచ్చువేళకు పాలు లేవు. పుస్తకపు తెలుగు దానికి వచ్చినంతగా మన యింటి తెలుగు రాదు. చెప్పిన పిమ్మట వ్రాసినదానిని తిరిగి చదువుమనుట మంచిది. "మాపు అంటే సాయంత్రము" అని ఒక్కమారు నేర్పి జ్ఞాపకముంచుకొమ్మన్నచో తరువాత సరిగా వ్రాయును.

మూడవ లోపము దానిది కాదు, నాది. చిట్టా చక్కగా నుండుటచే పనులను పెంచుకొనసాగితిని. వ్రాయుట సులభమగుకొలది కోరికలును పనులై కూర్చుండును. ఒకనాటి ఉదయమున యంత్రము 23 పనులు చదివినది. అది విని దిగులుతో నేను మంచముమీదనే కూర్చుండిపోతిని. నాటి సాయంత్రము, దినమునకు ఒక్కరికి ఐదు పనులకు మించి చదువవలదని కట్టడిచేసితిని. మిగిలినవి ఆదివారము వరకు వేచియుండును. వేచియున్నవానిలో సగము వాటంతటవే రాలిపోవుచున్నవి.

తాళపుచెవుల గుత్తి

అన్నిటికన్న ముఖ్యమైన సంగతి ఇది. గుమాస్తాను పెట్టుకొన్న షావుకారు చిట్టా నిచ్చును కాని ఇనుపపెట్టె తాళమీయడు. మిల్లు గుమాస్తా తూకము వ్రాయును, ధర చెప్పడు. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యపు తేమ నూటికి 17 మించరాదను నిబంధన కలదు. తేమ కొలుచు యంత్రము అంకె చూపును. అంగీకరించుటయా, మరల ఆరబోయుమనుటయా అనునది మనిషి చెప్పవలసిన మాట. మన యింటి ఏజెంటునకును ఇదే మర్యాద.

దానికిచ్చు అధికారమును నాలుగు మెట్లుగా చూడుడు. మొదటిది చూచుట. రెండవది వ్రాయుట. మూడవది ఇతరులకు పంపుట. నాలుగవది చెల్లించుట. నేను మొదటి రెండిచ్చితిని. మూడవది ఇంటివారికి మాత్రమే. బయటివారికి పంపు ప్రతి మాటను ముందు నాకు చూపవలెను. నాలుగవది ఈయలేదు. 2025 అక్టోబరులో మనదేశమున యూ.పీ.ఐ. చెల్లింపులను సైతము సంభాషణ యంత్రము ద్వారా నడుపు ప్రయోగము నారంభించిరి. సౌకర్యముగనే యుండవచ్చును. ఐనను బిల్లు వచ్చినదని యంత్రము చెప్పుటకును, నా సొమ్ము నది కట్టుటకును నడుమ నా వ్రేలు ఒకటి యుండవలెనని నా నిశ్చయము. పిన్ను సంఖ్యగాని, ఫోనునకు వచ్చు ఓ.టీ.పీ.గాని ఏ ఏజెంటునకును, మనిషికైనను యంత్రమునకైనను, చెప్పవలదు.

ఇందొక మోసము గలదు, తప్పక తెలిసికొనవలెను. "మీ కరెంటు ఈ రాత్రి కట్ చేయబడును, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయుడు" అను దొంగ సందేశములు దేశమంతట తిరుగుచున్నవి. మన సందేశములను చదువు అధికారము ఏజెంటునకు ఇచ్చియున్నచో, అది ఆ దొంగమాటను నిజమైన పనిగా నెంచి పట్టికకు ఎక్కింపవచ్చును. అంతేకాదు. బయటి ఉత్తరములోగాని పుటలోగాని కంటికి కనబడకుండ యంత్రమునకు ఆజ్ఞలు దాచి వ్రాయు దుర్మార్గులును గలరు. యజమానురాలి మాటయేదో, బయటివాని మాటయేదో తెలియక యంత్రము ఆ ఆజ్ఞను పాటింపవచ్చును. అందుచేత బ్యాంకు సందేశములున్న పెట్టెను దానికి తెరువలేదు. సొమ్ము మోసపోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

మన సంగతులు ఎవరి కడ నిలువయుండుననునదియు యోచింపదగినది. అత్తగారి జబ్బు పేరు, పాప పుట్టినతేదీ, మేము ఊరికిపోవు దినములు - ఇవన్నియు చిట్టాలోనివే. 2023లో మన పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకై చట్టము చేసినది. చట్టముండుట మేలే. దానికన్న ముందు జాగ్రత్త మేలు. మాత్రల పేర్లకు బదులు "ఉదయపు గోళీ", "రాత్రి గోళీ" యనియే నేను వ్రాయింతును. ఆధారు సంఖ్యను వ్రాయింపను.

చిట్టా ఎవరిది?

ప్రభుత్వ కార్యాలయములును ఈ త్రోవకే వచ్చుచున్నవి. కోదాడ దాటిన పిమ్మట వచ్చు ఆంధ్రప్రదేశమున 2025 జనవరి 30న మనమిత్ర యను పేర 161 సేవలను వాట్సాపులోనికి తెచ్చిరి. కార్యాలయమునకు పోయి వరుసలో నిలుచు పనులు ఫోనులోనికి వచ్చుచున్నవి. బయట తిరుగు పనులు మగవారు చేయుచుండిరి; అవి ఫోనులోనికి వచ్చిన పిమ్మట "నీ దగ్గరే యున్నది గదా, నీవే చేయి" అని ఇల్లాలి మీద పడవచ్చును. సౌకర్యము మాటున భారము చేరు విధమిది. కావుననే పద్దునకు పేరు పెట్టుట ముఖ్యమంటిని. యంత్రము పనులను నాకు ఎంత చక్కగా గుర్తుచేసినను, అన్నియు నాకే గుర్తుచేసినచో నా తల బరువు తీరలేదు. ఆ పనులను నావిగానే మరింత గట్టిగ బిగించినది.

మరియొక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము స్వయముగా వాడుకొను మొబైలు ఫోను గల స్త్రీలు దేశమున నూటికి 54 మందియే యని తేలినది. ఫోను చేతలేని సోదరికి ఏజెంటుమాట యెందుకు? ఆమెకు చెప్పవలసినది ఇది: మొదటి వారము నేను చేసిన పనికి యంత్రము అవసరములేదు. ఒక నోటుపుస్తకమును, పెన్సిలును చాలును. తలలోనున్నదంతయు ఒక వారము వ్రాసి, వంటింటి గోడకు వ్రేలాడదీసి, ప్రతి పద్దునకును ఒక పేరు పెట్టుడు. సగము మేలు అందే కలదు. ఫోను గలవారు ఆ పుస్తకము పుట నొక ఫోటో తీసి చూపినను ఏజెంటు పట్టికగా వ్రాసికొనును.

మొన్న మాఘమాసమున మా పుట్టినింట పెండ్లికి నాలుగు దినములు పోయివచ్చితిని. పోవునపుడు ఎవరికిని ఏమియు చెప్పలేదు. జాబితా వ్రాసి యీయలేదు. తిరిగివచ్చుసరికి అత్తగారి మాత్రల పెట్టె నిండుగ నున్నది. గ్యాసు బండ మారినది. పెద్దవాడు పాపను పంటి వైద్యునికి చూపి తెచ్చినాడు. మావారు నీళ్ల తొట్టి కడిగించిరి. ఒక్కటి మాత్రము మరచిరి: పెరటిలోని తులసికి నీరు పోయుట. అది చిట్టాలో లేదు. పనియని నాకెన్నడును తోచక నేను వ్రాయింపలేదు.

వాడిన తులసిని చూచి అత్తగారు, "ఇది గూడ రాయి బిడ్డా, నా పేరు మీద రాయి" అనిరి. వ్రాసితిని. ఇప్పుడు ప్రతి ఉదయము 6 గంటలకు ఫోను వారిని పేరుపెట్టి పిలుచును. చెంబు తీసికొని వారు పెరటిలోనికి పోవుదురు.